పోత ఇనుము బుల్లెట్టుకు వీడ్కోలు

పోత ఇనుము సిలిండరుతో వచ్చే పాత బుల్లెట్టు తయారీ 2010 నాటికి ఆగిపోయింది. పొగ మీద వచ్చిన కొత్త నిబంధనలకు తగ్గట్టు మారగల వయసు ఆ ఇంజనుకు అప్పటికి దాటిపోయింది. అదే పేరుతో ఇవాళా బళ్లు వస్తున్నాయి, మంచి బళ్లే. శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలిలోనో, విజయనగరం మూడు లాంతర్ల దగ్గరో మలుపు తిరగకముందే వస్తున్నదెవరో చెప్పేసిన ఆ చప్పుడు మాత్రం వాటికి రాలేదు. ఇంత కాలం మన మధ్య తిరిగి వెళ్లిపోయిన పెద్దమనిషిని తలుచుకున్నట్టే దాన్నీ తలుచుకోవాలి.

దాని పుట్టిల్లు ఇంగ్లండులోని రెడిచ్, సూదుల తయారీకి పేరుపడ్డ ఊరు. రాయల్ ఎన్‌ఫీల్డ్ కంపెనీ మూలాలు కూడా ఒక సూదుల కార్ఖానాలోనే ఉన్నాయి. బుల్లెట్ అన్న పేరు 1932లో పెట్టారు. మనకు తెలిసిన రూపం 1949లో వచ్చింది. వెనక చక్రానికి స్ప్రింగులే లేని బళ్లు ఇంకా ఎన్నో తిరుగుతున్న రోజుల్లో, పైకీ కిందికీ ఊగే వెనక ఫోర్కుకు రెండు షాకబ్జార్బర్లు బిగించి పంపారు. ఆనాటికది సాహసమైన రూపకల్పన. సరిహద్దు గస్తీ కోసం మన సైన్యం 800 బళ్లు అడగడంతో మద్రాసుకు దారి పడింది. 1955లో ఎన్‌ఫీల్డ్ ఇండియా మొదలై, తిరువొత్తియూరు కార్ఖానా దాని మెట్టినిల్లయింది. 1967లో రెడిచ్ కార్ఖానా మూతపడింది. బీఎస్ఏ వంటి మహా సంస్థలు కూడా జపాను బళ్ల ముందు నిలవలేకపోయాయి. మద్రాసులో మాత్రం ఆ పని ఆగలేదు. 1977లో ఇక్కడ తయారైన బుల్లెట్లు తిరిగి ఇంగ్లండుకే ఎగుమతి అయ్యాయి. బ్రిటిష్ మోటారు సైకిలు చరిత్రలో ఒక అధ్యాయాన్ని అరవ దేశపు కార్మికులు తమ చేతులతో నిలబెట్టారని చెప్పడంలో అతిశయోక్తి లేదు.

దాని అందం దాచుకోకపోవడంలో ఉంది. ఇంజను వేరు, గేరుబాక్సు వేరు. ఏది ఏ పని చేస్తుందో పక్కన నిలబడి చూస్తే తెలిసిపోతుంది. ఆయిలుకు విడిగా ట్యాంకు లేకుండా క్రాంకుకేసులోనే ఒక గది పోసిపెట్టారు. 346 సీసీల సిలిండరు. వెడల్పు 70 మిల్లీమీటర్లయితే పిస్టన్ కదిలే దూరం 90. ఆ పొడవాటి స్ట్రోకు వల్లే తొందర లేకుండా, ఒక్కో దెబ్బా లెక్కపెట్టుకోగలిగేటంత నెమ్మదిగా కొట్టుకునేది. బలం కింది వేగంలోనే అందేది కాబట్టి సాలూరు ఘాటు ఎక్కేటప్పుడు మాటిమాటికీ గేరు మార్చే పని ఉండేది కాదు.

స్టార్టు చేయడానికి ఒక మర్యాద ఉండేది. కిక్కు రాడ్డును మెల్లగా నొక్కుతూ ఆంప్స్ ముల్లు మధ్యకు వచ్చేదాకా ఆగాలి. డీకంప్రెసర్ లాగి ఇంకాస్త దించి, వదిలి, అప్పుడు పూర్తి కాలుతో ఒక్క తన్ను. తొందరపడినవాడి కాలిని అది తిరిగి తన్నేది. గేర్లు కుడి కాలికి, బ్రేకు ఎడమ కాలికి. ఒకటి పైకి, మూడు కిందికి. తండ్రి పక్కన నిలబడి చెబితే తప్ప రాని విద్య అది. ఎస్సైగారూ, కంట్రాక్టరు గారూ, పలాస జీడిపప్పు షావుకారూ అందరూ అలాగే నేర్చుకున్నారు.

ఇప్పుడు మిగిలిన కొద్ది బళ్లకు ఇంకో కష్టం వచ్చింది. ప్రేమతోనే అయినా, కొన్నవాళ్లు ముందు రంగు గీయించేస్తున్నారు. ట్యాంకు మీది బంగారు గీత తిరువొత్తియూరులో కుంచె పట్టి చేత్తో గీసినది. చెయ్యి ఎక్కడ నిదానించిందో అక్కడ గీత కాస్త లావెక్కుతుంది. మోకాళ్లు ఆనిన చోట నలుపు అరిగి లోపలి లోహం తేలుతుంది. కళింగపట్నం ఉప్పుగాలి తిన్న మడ్‌గార్డు అంచున తుప్పు పొరలు కడుతుంది. ఒక వస్తువును ఎలా తయారుచేశారో, మనిషి దాన్ని ఎలా వాడుకున్నాడో రెండూ ఒకే రేకు మీద చదువుకోవచ్చు. కొత్త రంగు వేస్తే ఆ రెండూ పోతాయి. అలాంటి బండి ఎవరి ఇంట్లోనైనా ఉంటే నూనె గుడ్డతో తుడిచి అలాగే ఉంచమని చేతులు జోడించి అడుగుతున్నాను.

ఈ నివాళిలో మా మెకానిక్కులకూ భాగం ఉంది. సాలూరు లారీల ఊరు; బుల్లెట్టుకు బుష్షు కావలసినా లారీల పని చేసే లేతు దగ్గరికే వెళ్లేవారు. ట్యాపెట్లు సర్దడానికి మంచి మెకానిక్కు గేజీ వెతుక్కునేవాడు కాదు. చల్లారిన ఇంజనులో పుష్‌రాడ్డు రెండు వేళ్ల మధ్య తేలిగ్గా తిరగాలి, పైకీ కిందికీ మాత్రం ఆడకూడదు. వేళ్లు సరే అన్నాకే మూత బిగించేవాడు. దీని తరవాత వచ్చిన ఇంజనులో ఆ సర్దుబాటును ఆయిలు ఒత్తిడే చూసుకునేది. బండిని ఇన్నేళ్లు రోడ్డు మీద నిలిపిన ఆ వేళ్లకూ నా నమస్కారం.