మాటలు కూర్చిన మౌల్వీ అబ్దుల్ హఖ్ గారు

మన పిల్లలకు ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, బడిలో చాలామందికి ఇంగ్లీషు. ఏ భాషలో చెబితే చదువు బుర్రకెక్కుతుంది అన్న ప్రశ్న జూన్ నెల రాగానే తిరువూరులో మన ప్రతి ఇంట్లోనూ లేస్తుంది. ఈ ప్రశ్న కోసం జీవితమంతా ధారపోసిన పెద్దమనిషి బాబా-యె-ఉర్దూ మౌల్వీ అబ్దుల్ హఖ్ గారు.

వారు 1870లో మీరట్ దగ్గర హాపుడ్‌లో పుట్టారు. అలీగఢ్‌లో సర్ సయ్యద్ గారి కాలేజీలో బి.ఏ. పాసై, హైదరాబాదు సంస్థానానికి వచ్చి విద్యాశాఖలో చేరారు. ఔరంగాబాదులో స్కూళ్ళ ఇన్‌స్పెక్టరుగా ఉండగా 1912లో అంజుమన్ తరఖ్ఖీ-యె-ఉర్దూ కార్యదర్శి అయ్యారు.

ఉస్మానియా యూనివర్సిటీని ఉర్దూలో నడపాలని 1917లో నిర్ణయమైంది. సంకల్పం బాగానే ఉంది గానీ పుస్తకాలేవీ? అందుకే దారుల్ తర్జుమా అనే అనువాదశాఖ పెట్టి, మొదట దాని బాధ్యత మౌల్వీగారికిచ్చారు. గణితం, రసాయనం, చరిత్ర, అన్నీ ఉర్దూలోకి రావాలి. ముందు మాటలు పుట్టాలి. ఒక్కొక్క మాట కోసం పండితులూ, శాస్త్రం తెలిసినవాళ్ళూ ఒకచోట కూర్చుని వాదించుకునేవారు. 1919లో క్లాసులు మొదలయ్యాయి. తర్వాత వైద్యం కూడా ఉర్దూలోనే చెప్పారు.

ఉర్దూలో థర్మామీటరును మిఖ్యాసుల్ హరారత్ అంటారు. ఒళ్ళు వెచ్చబడితే మన అమ్మీలు అనే హరారతే అది. ఆ సగం పిల్లవాడికి చప్పున తెలుస్తుంది. మిఖ్యాస్ మాత్రం అరబ్బీ, మాస్టారు విప్పి చెప్పాల్సిందే. అంటే మాతృభాషలోనైనా చదువు ఊరికే రాదు, తెలిసినదాన్ని పట్టుకుని తెలియనిదాని దగ్గరకు నడవాలి.

ఇంకొక మాట కూడా చెప్పాలి. ఉర్దూ మాస్టరునైనా దాచలేను. ఆ సంస్థానంలో ఎక్కువమంది మాతృభాష ఉర్దూ కాదు. తెలుగు, మరాఠీ, కన్నడం. మన పిల్లవాడికి దొరికిన సుఖం తెలంగాణా తెలుగు పిల్లవాడికి దొరకలేదు. వాడికి ఇంగ్లీషు ఎంత పరాయిదో ఉర్దూ అంతే. మౌల్వీగారి సూత్రం నిజమైతే అది వాడికీ వర్తించాలి కదా!

వారి పేరు చెప్పగానే నిఘంటువులు గుర్తొస్తాయి. 1937లో వచ్చిన ఇంగ్లీషు-ఉర్దూ డిక్షనరీ అందులో పెద్దది. మన గోల్కొండ కవి ముల్లా వజ్హీ రాసిన సబ్‌రస్‌ను వెతికి అచ్చువేయించిందీ వారే. కానీ నాకు అన్నిటికంటే ఇష్టమైంది నామ్‌దేవ్ మాలీ మీద వారు రాసిన వ్యాసం. ఔరంగాబాదు బీబీ కా మఖ్బరా తోటలో పనిచేసిన మాలీ అతను. తక్కువ కులమని జనం అనుకునే ఇంట పుట్టినవాడు. మొక్కల్ని కన్నబిడ్డల్లా చూసేవాడు. ఏ ఆకు ఏ జబ్బుకు పనికొస్తుందో తెలుసు, ఊళ్ళో పసిపిల్లలకు మందిచ్చేవాడు, పైసా పుచ్చుకునేవాడు కాదు. నీళ్ళ కరువొచ్చిన ఏడు ఎక్కడెక్కడినించో మోసుకొచ్చి తోట బతికించాడు. ఒకరోజు తేనెటీగలు లేచాయి. మిగతా మాలీలు పరుగెత్తారు. పనిలో మునిగిన నామ్‌దేవ్‌కు తెలియనేలేదు, వాటి కాట్లకే ప్రాణం పోయింది. లక్షల మాటలు తూచిన మనిషి, చేత్తో నేర్చుకున్న ఈ మాలీకి గొప్పవాళ్ళ సరసన చోటిచ్చారు.

దేశవిభజన తర్వాత మౌల్వీగారు కరాచీ వెళ్ళిపోయారు. 1948 తర్వాత ఉస్మానియాలో ఉర్దూ బోధన పోయి ఇంగ్లీషు వచ్చింది. వారు కరాచీలో మళ్ళీ ఒక ఉర్దూ కాలేజీ పెట్టారు. 1961 ఆగస్టులో కన్నుమూశాక ఆ కాలేజీ ఆవరణలోనే ఖననం చేశారు.