రెండు వేల రూపాయల కారు: జి.డి. నాయుడు జీవిత గాథ

హోసూరు నుండి కృష్ణగిరికి సాగే రహదారిపై ఏ వేళ నిలబడినా కొత్త వాహనాల వరుస కనబడుతుంది. బాడీ కట్టని లారీ చాసిస్‌పై ముఖానికి తువ్వాలు చుట్టుకొని కూర్చున్న డ్రైవర్లు, కొత్త మోటారు సైకిళ్లను కడుపులో మోసుకుపోయే పొడవాటి కంటైనర్లు మన పల్లెల పిల్లలకు నిత్యం కంటబడే దృశ్యాలే. 1980 ప్రాంతంలో అశోక్ లేలాండ్, టీవీఎస్ కర్మాగారాలు ఇక్కడ వెలసిన తరువాత స్పానరు పట్టడం ఈ సీమలో బ్రతుకుతెరువయింది. అంతకు ఆరు దశాబ్దాల ముందే, తమిళనాట స్థిరపడిన ఒక తెలుగు రైతు కుటుంబంలో పుట్టిన వ్యక్తి మోటారు యంత్రాన్ని విప్పి, దాని మర్మమెరిగి, సామాన్యుని వాకిటికి దానిని చేర్చాలని పూనుకొన్నారు. ఆయనే గోపాలస్వామి దొరస్వామి నాయుడు. లోకానికి జి.డి. నాయుడుగా పరిచితులు.

1893 మార్చి 23న కోయంబత్తూరు సమీపాన గల కలంగల్ గ్రామంలో ఆయన జన్మించారు. బడి చదువు ఆయనకు ఒంటబట్టలేదు. ప్రాథమిక తరగతులతోనే పలకకు స్వస్తి చెప్పి పొలం బాట పట్టారు. ఆయన జీవితాన్ని మలుపు తిప్పిన సంఘటనగా అందరూ చెప్పుకొనేది ఒకటి ఉన్నది. ఒక ఆంగ్లేయ అధికారి మోటారు సైకిలుపై వెళ్లడం ఆ యువకుని కంటబడింది. ఎద్దు లేదు, గుర్రం లేదు, త్రొక్కే మనిషి లేడు. అయినా బండి పరుగెత్తుతున్నది! చూచినవారందరూ ఆశ్చర్యపోయి ఎవరి పనికి వారు వెళ్లి ఉంటారు. నాయుడు మాత్రం అటువంటి బండిని సంపాదించి తీరాలని నిశ్చయించుకొన్నారు. కోయంబత్తూరు చేరి, ఒక హోటలులో వడ్డన పనికి కుదిరి, దమ్మిడీ దమ్మిడీ కూడబెట్టి, చివరకు రడ్జ్ కంపెనీవారి మోటారు సైకిలును కొన్నారు. కొన్న తరువాత ఊరేగలేదు. మరమరకూ విప్పి నేలపై పరచి, మరల బిగించి చూచుకొన్నారు. ఆయనకు ఇంజనీరింగు కళాశాల అదే.

కొంతకాలం మెకానిక్కుగా పనిచేసి, 1920లో ఒక బస్సును సమకూర్చుకొన్నారు. కోయంబత్తూరులో పేరుమోసిన ఆంగ్లేయ వ్యాపారి రాబర్ట్ స్టేన్స్ ఈ విషయంలో ఆయనకు అండగా నిలిచారు. పొల్లాచ్చి నుండి పళని వరకు ఆ బస్సును నాయుడు స్వయంగా నడిపేవారు. పళని సుబ్రహ్మణ్యస్వామి క్షేత్రమగుట చేత యాత్రికులకు కొరత లేదు. ఆ ఒక్క బస్సు యూనివర్సల్ మోటార్ సర్వీస్ అనే సంస్థగా పెరిగి, 1933 నాటికి 280 బస్సులయింది. వేళకు బయలుదేరి వేళకు చేరే బస్సులుగా దేశమంతటా వాటికి పేరు వచ్చింది. పొలం, పశువు తప్ప వేరు ఆస్తి ఎరుగని కుటుంబం నుండి వచ్చిన మనిషి, డిగ్రీ కాగితం లేకుండా, పదమూడేళ్లలో ఇంతటి సంస్థను నిలబెట్టడం నేటి లెక్కలో కూడా చిన్న విషయం కాదు.

బస్సులతో ఆయన తృప్తి చెందలేదు. 1937లో డి. బాలసుందరం నాయుడుతో కలిసి పీళమేడులోని నేషనల్ ఎలక్ట్రిక్ వర్క్స్ నుండి విద్యుత్ మోటారును తయారు చేయించారు. భారతదేశంలో తయారైన తొలి విద్యుత్ మోటారుగా దానిని పేర్కొంటారు. కోయంబత్తూరు నేడు పంపుసెట్లకు పుట్టినిల్లుగా వెలుగొందుతున్నదంటే దాని వేర్లు అక్కడే ఉన్నాయి. మన బావి మోటారు చెడిపోయినప్పుడు విడిభాగాల కోసం కోయంబత్తూరు సరుకే అడుగుతామన్నది ఇక్కడి రైతులకు చెప్పనవసరం లేదు. బ్యాటరీతో తిరిగే చిన్న మోటారు గల రసాంత్ క్షౌర యంత్రం, మిక్కిలి పలుచని బ్లేడు, పండ్ల రసం తీసే సాధనం, కిరోసిన్‌తో తిరిగే ఫ్యాను, మోసానికి తావివ్వని ఓటు నమోదు యంత్రం ఆయన ఆలోచన నుండి వెలువడినవే. 1941లో అయిదు వాల్వుల రేడియోను 70 రూపాయలకే తయారు చేయగలనని ప్రకటించారు. ఏ వస్తువును చేపట్టినా ఆయన దృష్టి మొదట దాని వెలపైనే నిలిచేది.

విదేశాలు విస్తృతంగా తిరిగారు. కెమెరా లేకుండా ప్రయాణం చేసేవారు కారు. 1936 జనవరిలో లండనులో అయిదవ జార్జి చక్రవర్తి అంతిమయాత్రను స్వయంగా చిత్రీకరించారు. జర్మనీలో హిట్లరును కలిశారు. గాంధీ, నెహ్రూ, సుభాష్ చంద్రబోసుల చిత్రాలు కూడా ఆయన కెమెరాలో నిలిచాయి.

విద్య విషయంలో ఆయన పోరాటం వేరు. ఆయన విరాళాలతో కోయంబత్తూరులో నాటి మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్ పేర సాంకేతిక విద్యాలయాలు వెలసాయి. వాటిలో ఇంజనీరింగు కళాశాల నేటి ప్రభుత్వ సాంకేతిక కళాశాలగా నిలిచి ఉన్నది. బడి మానిన బాలుడు 1945లో ఆ కళాశాలకు ప్రిన్సిపాలు అయ్యారు! నాలుగేళ్ల చదువు కాలహరణమనీ, యంత్రశాలలో పని నేర్పితే రెండేళ్లు చాలుననీ వాదించారు. ప్రభుత్వం సమ్మతించలేదు. ఆయన పదవిని వదలుకొన్నారు. బ్యాంకు అప్పు తెచ్చి పిల్లలను నాలుగేళ్లు ఇంజనీరింగు చదివించి, ఆ తరువాత పని నేర్చుకొనే శిక్షణకు మరల పంపుతున్న నేటి తల్లిదండ్రులు ఈ వాదాన్ని ఒకసారి తలచుకోవచ్చును.

ఇక 1950 దశకపు ముచ్చట. రెండవ ప్రపంచయుద్ధం ముగిసిన తరువాత అమెరికాలో కార్ల వైభవం పరాకాష్ఠకు చేరింది. వెనుక రెక్కలు, నిగనిగలాడే క్రోమియం తొడుగులు, పడవలను తలపించే పొడవు. ఆ వరుసలో అరుదైనది 1957లో జనరల్ మోటార్స్ వెలువరించిన కాడిలాక్ ఎల్డొరాడో బ్రూహామ్. దాని పైకప్పు తుప్పు పట్టని ఉక్కుతో చేసినది. ఇనుప స్ప్రింగులకు బదులు గాలి తిత్తులపై బండి నిలిచేది. ముందు తలుపు ఇటు, వెనుక తలుపు అటు తెరుచుకొనేవి. నడుమ స్తంభం లేదు. లోపలి అరలో అయస్కాంతంతో అంటుకొని నిలిచే గ్లాసులు, సుగంధం చిమ్మే సీసా కూడా ఉండేవి. 1957లో 400, 1958లో 304 మాత్రమే తయారయ్యాయి. ధర 13,074 డాలర్లు. అంత ధరకు అమ్మినా కంపెనీకి ఒక్కొక్క కారుపై నష్టమే మిగిలింది. ఆ గాలి తిత్తులు కారిపోయి బండి నేలకు ఒరుగుతుంటే, చాలామంది యజమానులు వాటిని తీసివేయించి మామూలు స్ప్రింగులు బిగించుకొన్నారు. ఆ బండి అందం కాదనలేనిది. నేటికీ పాత కార్ల ప్రియులు దానిని చూచి మైమరచిపోతారు.

మన దేశంలో అటువంటి బండ్లు రాజులకు, సినిమా తారలకు, రాయబారులకు తప్ప అందేవి కావు. పూర్తిగా తయారైన కార్ల దిగుమతిని కేంద్రం 1949లోనే అడ్డుకొన్నది. 1928 నుండి బొంబాయిలో విడిభాగాలు తెచ్చి షెవర్లే కార్లు బిగిస్తూ వచ్చిన జనరల్ మోటార్స్ 1954లో ఆ పనికి స్వస్తి చెప్పింది. ఫోర్డు కూడా ఆ కాలంలోనే వెళ్లిపోయింది.

సరిగ్గా ఈ దశకం మొదట, 1952లో, నాయుడు శాలలో ఒక చిన్న కారు రూపుదిద్దుకొన్నది. ఇద్దరు కూర్చునే పెట్రోలు కారు. ధర రెండు వేల రూపాయలు. నాడు డాలరు విలువ 4 రూపాయల 76 పైసలు. ఆ లెక్కన, సుంకం కలపకుండానే, ఒక్క బ్రూహామ్ వెల 62 వేల రూపాయలు దాటుతుంది. ఆ డబ్బుకు నాయుడు కార్లు ముప్ఫై ఒకటి వస్తాయి. ఒకటి నూరు మందిలో ఒకరు దూరం నుండి చూచి మురిసే బండి. మరొకటి పల్లె వైద్యుడు, బడి పంతులు, నాలుగెకరాల రైతు అప్పో సప్పో చేసి కొనుక్కోదగిన బండి.

అది మార్కెట్టుకు రాలేదు. తయారీకి ప్రభుత్వం లైసెన్సు నిరాకరించింది. 1951 నాటి పరిశ్రమల చట్టం ప్రకారం కేంద్రం అనుమతి లేనిదే అటువంటి పరిశ్రమ నడపడానికి వీలులేదు. విదేశీ మారకద్రవ్యం కొరత, ఉక్కు కొరత, కొద్దిపాటి కంపెనీలైతేనే తగినన్ని కార్లు తయారు చేయగలవన్న లెక్క నాటి పాలకుల పక్షాన ఉన్న కారణాలు. వాటిని త్రోసిపుచ్చలేము. కాని రెండు వేల రూపాయల బండి గుంతల బాటపై ఎన్నాళ్లు నిలుస్తుందో పరీక్షించే అవకాశమైనా దేశానికి దక్కకపోవడం అన్యాయం. సామాన్యుని కారుగా మారుతి 800 రోడ్డెక్కడానికి 1983 దాకా ఆగవలసి వచ్చింది. లక్ష రూపాయల కారని టాటా నానోను 2008లో ప్రదర్శించినప్పుడు దేశమంతా చప్పట్లు కొట్టింది. కోయంబత్తూరులో ఆ తలపు పుట్టి అప్పటికి 56 ఏళ్లు.

హోసూరు వారికి ఇక్కడ ఒక సంగతి గుర్తుకు రాక మానదు. పర్మిట్లు, లైసెన్సుల పాలనపై దేశంలో అందరికంటె గట్టిగా గొంతెత్తినవారు మన తొరపల్లిలో 1878లో పుట్టిన చక్రవర్తి రాజగోపాలాచారి. 1959లో ఆయన స్థాపించిన స్వతంత్ర పార్టీకి ఈ వ్యతిరేకతే ఊపిరి. విచిత్రమేమనగా 1952లో మద్రాసు ముఖ్యమంత్రి కూడా ఆయనే. అయితే పరిశ్రమల లైసెన్సు కేంద్రం చేతిలోనిది గనుక నాయుడు కారుకు తలుపు మూసినది మద్రాసు కాదు, ఢిల్లీ.

నాయుడు స్వభావంలో మొండితనం పాలు ఎక్కువే. అధిక పన్నులకు నిరసనగా తాను రూపొందించిన వస్తువులను బహిరంగంగా పగులగొట్టించారు. ఎంతటి కోపమైనా, పనివాని చేతి కష్టాన్ని అలా నేలపాలు చేయడం మెచ్చదగినది కాదు. మరొక ప్రక్క, 1944లోనే మోటారు వ్యాపారపు నిర్వహణ నుండి తప్పుకొని పరిశోధనలకు, కార్మికుల సంక్షేమానికి, అణగారినవారికి ధనం కేటాయించారు. ప్రత్తి, బొప్పాయి వంటి పంటలపై తన తోటలో ప్రయోగాలు సాగించారు. సి.వి. రామన్, మోక్షగుండం విశ్వేశ్వరయ్య వంటివారు ఆ తోటను చూడవచ్చారు. పునాది నుండి పైకప్పు వరకు పదకొండు గంటలలో ఒక ఇంటిని కట్టించి చూపిన ఘనత కూడా ఆయనదే.

1967లో తన పేర పారిశ్రామిక ప్రదర్శనశాలను నెలకొల్పారు. 1974 జనవరి 4న కన్నుమూశారు. ఆయనకు మోటారు బండ్లపై గల మక్కువను తరువాతి తరం కాపాడింది. 2015లో కోయంబత్తూరు అవినాశి రోడ్డుపై జీడీ కార్ల మ్యూజియం ప్రారంభమయింది. వివిధ దేశాల పాత కార్లు అక్కడ కొలువుదీరి ఉన్నాయి. అదే రోడ్డుపై పది కిలోమీటర్లకు పైగా పొడవు గల పైవంతెనను 2025 అక్టోబరులో తెరచినప్పుడు దానికి జి.డి. నాయుడు పేరు పెట్టారు. కృష్ణగిరి నుండి ధర్మపురి, సేలం మీదుగా కోయంబత్తూరుకు వెళ్లే వాహనాలు అవినాశి దాటిన తరువాత నగరంలో అడుగిడేది ఆ దారినే.