బట్టిపనుకుల నుంచి పార్లమెంటుకు: గాం మల్లుదొర జీవితం

హాస్టల్ వార్షికోత్సవం అంటే అల్లూరి సీతారామరాజు వేషం ఉండాల్సిందే. కాషాయం బట్టలు, పెట్టుడు గడ్డం, భుజాన విల్లు. ఆ వేషం ఎవరికి వస్తుందా అని నెల ముందునుంచే పోటీ. ఆయన వెనుక పంచెలు ఎగగట్టి, తలపాగాలు చుట్టి, వెదురు కర్రలు పట్టుకుని నిలబడే నలుగురైదుగురికి మాత్రం పేర్లుండవు. మేము ఇక్కడ చదివే రోజుల్లో ఆ వెనుక వరుసలో నిలబడ్డవాళ్లమే. మా వేషం పేరేమిటని మేము అడగలేదు, మాకెవరూ చెప్పలేదు.

పీజీలో చేరాక లైబ్రరీలో మన్యం చరిత్ర చదువుతుంటే ఆ పేర్లు దొరికాయి. గాం గంటందొర, గాం మల్లుదొర. ఇద్దరూ అన్నదమ్ములు. ఇద్దరూ మన కొండల మనుషులే. గంటందొర పోరాటంలోనే ప్రాణం విడిచారు. మల్లుదొర ఉరికంబం అంచు దాకా వెళ్లి, అండమాన్ చూసి, తిరిగొచ్చి, మన ఓట్లతో ఢిల్లీ వెళ్లారు. ఆయన జీవితాన్ని తమ్ముళ్లకు, చెల్లెళ్లకు చెప్పాలనే ఈ వ్యాసం.

కొండల మీద పాలన

మల్లుదొర కథ అర్థం కావాలంటే ముందు ఆనాటి పాలన తెలియాలి. ఈ కొండల్లో పూర్వం నుంచి ముఠాదారులు ఉండేవారు. కొన్ని ఊళ్లు కలిస్తే ఒక ముఠా. ముఠాదారు శిస్తు వసూలు చేసి పైవారికి కట్టుబడి చెల్లించేవాడు. బ్రిటిష్ వారు వచ్చాక 1839లో 24వ చట్టం తెచ్చి, గంజాం, విశాఖపట్నం కొండ ప్రాంతాలను మామూలు కోర్టుల పరిధి నుంచి తప్పించి, కలెక్టరు చేతికే ఏజెంటు హోదాలో సర్వాధికారాలు ఇచ్చారు. ఏజెన్సీ అనే మాట అలా వచ్చిందే. కలెక్టరు మైదానంలో ఎక్కడో ఉంటాడు. కొండ మీద మనిషికి కనిపించే ప్రభుత్వం మాత్రం తహసీల్దారు, పోలీసు, ఫారెస్టు గార్డు. వాళ్లు మంచివాళ్లయితే ప్రభుత్వం మంచిది. వాళ్లు చెడ్డవాళ్లయితే చెప్పుకోవడానికి ఇంకొక గుమ్మం లేదు.

అందుకే ఈ కొండలు పదేపదే రగిలాయి. గొలుగొండ కొండల్లో 1845–48లోనూ, మళ్లీ 1857–58లోనూ తిరుగుబాట్లు వచ్చాయి. 1879లో చిగురుకల్లు మీద పన్ను వేస్తే రంప దేశం లేచింది. ఆ మంట మన గూడెం కొండలకూ పాకింది. వీటన్నింటినీ దొరలు తమ కాగితాల్లో పితూరీలు అని రాసుకున్నారు. తెలుగులో పితూరీ అంటే తిరుగుబాటు అనే అర్థం ఉంది, ఒకరి మీద చెప్పుకునే ఫిర్యాదు అనే అర్థమూ ఉంది. మాకైతే ఆ రెండు అర్థాల మధ్యే మన్యం చరిత్ర అంతా ఉందనిపిస్తుంది. మొదటి పితూరీ విననప్పుడే రెండో పితూరీ వచ్చింది.

పోడు, ఆకలి, రోడ్డు

మన తాతల బతుకంతా పోడు మీదే. ఎండాకాలంలో చెట్టూ పొదా నరికి, ఎండబెట్టి, కాల్చి, ఆ బూడిదలో తొలకరికి చోళ్లు, సామలు, కందులు చల్లేవారు. రెండు మూడేళ్లు పండించి, ఆ చోటు వదిలి ఇంకో చోటుకు పోయేవారు. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. రిజర్వు అడవి అని గీత గీశాక, గీత దాటి గొడ్డలి వేస్తే నేరం, పశువు మేస్తే జరిమానా. సకాలంలో నరకనివ్వకపోతే కాల్చేదేమీ ఉండదు. కాల్చకపోతే విత్తేదేమీ ఉండదు. వాన బాగా పడిన ఏడు కూడా పంట పోయినట్టే. గింజ లేని నెలల్లో మామిడి టెంకల పిండితో అంబలి, జీలుగు పిండి, అడవి దుంపలు. ఈ తిండి పేర్లు మన ఇళ్లలో ముసలివాళ్లకు ఇప్పటికీ తెలుసు.

ఆ ఆకలి మీద రోడ్డు పని వచ్చి పడింది. నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లికి అడవిలో రోడ్డు వేయించారు. మనం ఈరోజు బస్సులో కునికిపాట్లు పడుతూ దిగే ఆ ఘాట్ దారే అది. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ కొండ ప్రజల చేత ఆ పని బలవంతంగా చేయించాడు. రోజుకు ఆరణాల కూలి అని చెప్పి, అందులో కొద్ది భాగమే చేతిలో పెట్టేవారు. రూపాయికి పదహారు అణాల కాలం అది. పనికి రానన్నవారికి దెబ్బలు. పోడు మానేసి రోడ్డుకు పోతే పంట లేదు. రోడ్డుకు పోయినా కూలి లేదు.

గాం వారి ఇంటికి వచ్చిన కష్టం

బట్టిపనుకుల గ్రామానికి గంటందొర మునసబు. మునసబు అంటే ఊళ్లో ప్రభుత్వం తరఫు మనిషి. అంటే గాం వారు ప్రభుత్వానికి మొదటినుంచీ శత్రువులేమీ కారు, అందులో భాగమైనవాళ్లు. బాస్టియన్‌తో తగాదా వచ్చి గంటందొర మునసబు ఉద్యోగం పోయింది. భూమి గొడవ కూడా తోడైంది. నిన్నటిదాకా శిస్తు లెక్క చెప్పిన ఇల్లు, ఈరోజు కచేరీ గుమ్మం ముందు చేతులు కట్టుకుని నిలబడాల్సి వచ్చింది. మల్లుదొర మనసులో నిప్పు రాజుకున్నది ఇక్కడే. దేశం, స్వాతంత్ర్యం అనే పెద్ద మాటలు తర్వాత వచ్చాయి. ముందుగా ఉన్నది ఒక ఉద్యోగం, ఒక భూమి, ఎగ్గొట్టిన కూలి డబ్బులు.

అప్పటికి అల్లూరి సీతారామరాజు కృష్ణదేవిపేట వచ్చి ఉన్నారు. 1897 జూలై 4న పాండ్రంగిలో పుట్టిన ఆయన, 1917 ప్రాంతంలో మన్యం చేరి, వైద్యం చేస్తూ, కల్లు సారా మానమని చెబుతూ, తగాదాలు కోర్టులకు పోకుండా పంచాయతీల్లో తీర్చుకోమని బోధించేవారు. బాస్టియన్ అన్యాయాల మీద పై అధికారులకు ఫిర్యాదులు కూడా వెళ్లాయి. ఆ ఫిర్యాదులకు న్యాయం జరగలేదు సరికదా, రాజు మీదే నిఘా పెట్టారు.

ఇక్కడ ఒక సంగతి మరవకూడదు. అదే ప్రభుత్వంలో ఫజలుల్లా ఖాన్ అనే డిప్యూటీ కలెక్టరు రాజును గౌరవంగా చూశాడు. పైడిపుట్టలో ఆయనకు భూమి ఇప్పించాడు. ఒకే ప్రభుత్వం, ఒకే చట్టం, ఇద్దరు అధికారులు. ఒకరి కుర్చీ నుంచి మేలు వచ్చింది, ఇంకొకరి కుర్చీ నుంచి మంట వచ్చింది.

పోరాటంలో మల్లుదొర

1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు స్టేషన్లు రాజు దళం చేతికి చిక్కాయి. మూడింటిలో కలిపి దొరికిన తుపాకులు 26. మల్లుదొర, గంటందొర రాజుకు కుడి ఎడమ భుజాలుగా నిలిచారు. రాజు మైదానం నుంచి వచ్చినవారు. ఏ గెడ్డ ఎక్కడ దాటాలి, ఏ కొండ వెనుక ఏ ఊరుంది, ఏ ఇంట్లో గింజలు దొరుకుతాయి అన్నది తెలిసినవాళ్లు గాం సోదరుల వంటి కొండ మనుషులే. వాళ్లు లేకపోతే ఆ దళం రెండేళ్లు ఈ అడవిలో నిలిచేది కాదు.

1922 సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో పొంచి ఉండి, తెల్ల అధికారులు స్కాట్ కవర్డ్, హైటర్‌లను కాల్చి చంపారు. వెంట ఉన్న మన దేశపు పోలీసుల మీదకు గురి పెట్టలేదంటారు. ఆ తర్వాత ప్రభుత్వం మలబారు పోలీసులను, అస్సాం రైఫిల్స్‌ను దించింది. రాజు తలకు 10,000 రూపాయల బహుమతి ప్రకటించింది. దళానికి అన్నం పెట్టారన్న అనుమానం మీద ఊళ్లకు ఊళ్లే బాధలు పడ్డాయి.

1923 సెప్టెంబరు 17న నడింపాలెంలో మల్లుదొర పట్టుబడ్డారు. ఆయనకు తాగుడు వంటి బలహీనతలు ఉండేవనీ, పట్టుబడడానికి అవి కూడా కారణమనీ ఆ పోరాటం గురించి రాసినవారు దాచకుండా రాశారు. మేమూ దాచదలచుకోలేదు. మద్యం మానమని చెప్పిన నాయకుడి పక్కన నడిచిన మనిషి ఆ ఒక్క మాట దగ్గర జారిపోయారు. తమ్ముళ్లూ, మన ఊళ్లలో సారా ఎన్ని ఇళ్లు కూల్చిందో మీకు మేము చెప్పక్కర్లేదు. మహావీరుడికి కూడా అది ఉచ్చు అయిందని మాత్రం గుర్తుపెట్టుకోండి.

1924 ఏప్రిల్‌లో రూథర్‌ఫర్డ్ ప్రత్యేక కమిషనరుగా వచ్చాడు. మే 7న కొయ్యూరులో సీతారామరాజును కాల్చి చంపారు. జూన్‌లో గంటందొర కూడా నేలకొరిగారు. మల్లుదొరకు మొదట ఉరిశిక్ష వేశారు. తర్వాత దాన్ని మార్చి అండమాన్ పంపారు. గెడ్డ నీళ్లు తప్ప ఎరగని కొండ మనిషికి చుట్టూ సముద్రం. నాయకుడు లేడు, తోడబుట్టినవాడు లేడు. ఆ సంవత్సరాలను ఆయన ఎలా గడిపి ఉంటారో ఆలోచిస్తే మాకు చదివే పేజీ ముందుకు కదల్లేదు.

ఓటు ఇచ్చిన తీర్పు

మల్లుదొర ప్రాణాలతో తిరిగొచ్చారు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది. 1952లో తొలి సాధారణ ఎన్నికలు జరిగాయి. అప్పుడు విశాఖపట్నం ఇద్దరు సభ్యుల లోక్‌సభ నియోజకవర్గం. జనరల్ స్థానం నుంచి లంకా సుందరం, గిరిజన స్థానం నుంచి గాం మల్లుదొర గెలిచారు. ఇద్దరూ స్వతంత్ర అభ్యర్థులే. ఏ ప్రభుత్వం పేరు మీద ఉరి వేయమన్నారో ఆ ప్రభుత్వం వెళ్లిపోయింది. ఉరి వేయించుకోవాల్సిన మనిషి రాజ్యాంగం మీద ప్రమాణం చేసి పార్లమెంటులో కూర్చున్నారు. మొదటి లోక్‌సభ కాలంలోనే, 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది.

2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా మన జిల్లా ఏర్పడి, దానికి అల్లూరి సీతారామరాజు పేరు పెట్టారు. చాలా సంతోషం. జిల్లా పేరులో రాజు ఉన్నారు. వెనుక వరుసలో ఉన్నవారిని గుర్తు చేయడం మన పని.

మా ఇళ్లలో డిగ్రీ చదివిన మొదటివాళ్లం మేమే. ఒకప్పుడు ఒక్క సర్టిఫికెట్ కోసం ఒక ఆఫీసు మెట్ల మీద నాలుగు రోజులు కూర్చున్నాం. నాన్న వేలిముద్ర వేసిన కాగితాన్ని లోపలివాళ్లు చూడకుండానే పక్కన పెట్టారు. ఆ నాలుగు రోజుల్లో మాకు గంటందొర కష్టం పుస్తకం కన్నా బాగా అర్థమైంది. ఇప్పుడు ఈ హాస్టల్లో చదివినవాళ్లు టీచర్లు, కానిస్టేబుళ్లు, ఫారెస్టు గార్డులు, సచివాలయ ఉద్యోగులు అవుతున్నారు. రేపు మనలో ఒకరు తహసీల్దారు కూడా అవుతారు. అప్పుడు మన గుమ్మం ముందుకూ చెప్పుల్లేని ఒక పెద్దాయన కాగితం పట్టుకుని వస్తాడు. ఆ రోజు మనం బాస్టియన్ అవుతామా, ఫజలుల్లా ఖాన్ అవుతామా అన్నదే మల్లుదొర జీవితం మనల్ని అడిగే ప్రశ్న.

వచ్చే వార్షికోత్సవానికి మాదొక విన్నపం. సీతారామరాజు వెనుక నిలబడే పిల్లలకు పేర్లు పెట్టండి. ఒకరు గాం గంటందొర, ఒకరు గాం మల్లుదొర. మైకులో ఆ పేర్లు గట్టిగా చదవండి.