పచ్చి బాలింతల వైద్యుడు: ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్

పచ్చి బాలింత అన్న మాట మన భాషలో ఊరికే పుట్టలేదు. కాన్పయిన మనిషి గర్భసంచిలో, మాయ విడిపోయిన చోట, అరచేయంత పచ్చి పుండు ఉంటుంది. పైగా రక్తం పోయి, నిద్ర లేక నీరసించి ఉంటుంది. ఆ దారిన చెడ్డ సూక్ష్మజీవి లోపలికి పోతే రక్తంలో కలవడానికి ఎంతోసేపు పట్టదు. అంటువ్యాధుల వైద్యుడిగా నేను తరచూ చూసే సెప్సిస్‌కి చరిత్రలో అతి విషాదమైన అధ్యాయం ఈ బాలింతలదే. అందులో ముఖ్యుడు సెమ్మెల్‌వైస్. ఆయన డాక్టర్లను చేతులు కడుక్కోమన్నాడని మనలో చాలామంది విన్నాం. ఆయన గ్రహించింది అంతకన్నా ఎక్కువ.

1818 జూలై 1న బుడా పట్టణంలో, అంటే ఇప్పటి బుడాపెస్ట్‌లో, ఒక కిరాణా వ్యాపారి ఇంట పుట్టాడు. 1837లో లా చదవడానికి వియన్నా వెళ్ళి, వైద్యంలోకి మారి, 1844లో డాక్టరయ్యాడు. 1846లో వియన్నా జనరల్ ఆస్పత్రి పురుళ్ళ విభాగంలో ప్రొఫెసర్ క్లైన్ కింద అసిస్టెంటుగా చేరాడు.

అక్కడ రెండు వార్డులు. మొదటిదానిలో వైద్య విద్యార్థులు, రెండోదానిలో మంత్రసానులు శిక్షణ పొందేవారు. 1846లో మొదటి వార్డులో 4010 కాన్పులకు 459 మంది తల్లులు చనిపోయారు. రెండోదానిలో 3754 కాన్పులకు 105 మంది. ఈ తేడా ఊరంతా తెలుసు. మొదటి వార్డు వంతు వచ్చిన రోజు గర్భిణులు తమను అక్కడ చేర్చొద్దని ఏడ్చి బతిమాలేవారట. దారిలో, వీధిలో పురుడు వచ్చినవాళ్ళు కూడా ఆ వార్డులోవాళ్ళకన్నా క్షేమంగా ఉండేవారు!

పై డాక్టర్లు గాలిలో దోషం అన్నారు. గాలి రెండు వార్డులకూ ఒకటే కదా అని సెమ్మెల్‌వైస్ ఒక్కొక్క కారణాన్నీ పరీక్షించి పక్కన పెడుతూ వచ్చాడు. జనం రద్దీయా? రెండో వార్డులోనే ఎక్కువ. పడుకోబెట్టే తీరు మార్చి చూశాడు. చావుబతుకుల్లో ఉన్నవాళ్ళ దగ్గరికి గంట మోగిస్తూ వెళ్ళే పాదిరీని చూసి తల్లులు బెదిరి చస్తున్నారేమోనని, గంట లేకుండా వేరే దారిన వెళ్ళమని ఏర్పాటు చేశాడు. ఏదీ ఫలించలేదు.

1847 మార్చిలో ఆయన స్నేహితుడు ప్రొఫెసర్ కొలెట్ష్కా చనిపోయాడు. శవపరీక్ష చేస్తుండగా ఒక విద్యార్థి కత్తి ఆయన వేలికి గీరుకుంది. ఆ స్నేహితుడి శవపరీక్ష రిపోర్టు చదివిన సెమ్మెల్‌వైస్‌కి అది బాలింతల రిపోర్టులాగే కనిపించింది. నా దృష్టిలో ఆయన జీవితంలో అన్నిటికన్నా గొప్ప క్షణం అదే. ఈ జబ్బు ఆడవాళ్ళదీ కాదు, గర్భసంచిదీ కాదు. గాయం ద్వారా రక్తంలోకి ఎక్కిన విషం. ప్రొఫెసర్‌కి కత్తి దారి చూపితే, బాలింతకి పచ్చి పుండే దారి. ఆ విషాన్ని మోసుకొచ్చింది శవాల గదినుంచి నేరుగా వార్డుకి వచ్చే డాక్టర్ల చేతులు. మంత్రసానులు శవాల్ని కోయరు.

సబ్బుతో కడిగినా చేతుల శవం వాసన పోయేది కాదు. అందుకని 1847 మే నెలలో క్లోరిన్ నీళ్ళ తొట్టి పెట్టించాడు. కొన్నాళ్ళకి చవగ్గా దొరికే బ్లీచింగ్ పౌడర్‌కి మారాడు, మన ఊళ్ళలో బావుల్లో చల్లేదే. ఏప్రిల్‌లో నూటికి 18 మంది పోయిన వార్డులో జూన్‌లో ఇద్దరు పోయారు. అక్టోబరులో మరో పాఠం. గర్భసంచి క్యాన్సర్ కుళ్ళిన ఒకావిడను పరీక్షించిన చేతులతోనే తర్వాతివాళ్ళనూ చూశారు. పన్నెండుమందిలో పదకొండుమంది చనిపోయారు. శవం నుంచే కాదు, బతికున్న మనిషి పుండు నుంచీ విషం రావచ్చని తేలింది. అప్పటినుంచి ప్రతి మనిషికీ మధ్య చేతులు కడగాలన్నాడు.

ఆయనకి సూక్ష్మజీవులు తెలియవు, కుళ్ళిన పదార్థం అని పొరబడ్డాడు అని పుస్తకాలు రాస్తాయి. నిజమే. కానీ విషం అన్న మాటలో సగం సత్యం ఉంది. బాలింతల్లో స్ట్రెప్టోకాకస్ ఉందని పాశ్చర్ 1879లో చూపాడు. ఈ జీవి ఊరికే పెరిగి ఊరుకోదు. స్ట్రెప్టోలైసిన్ అనే విషంతో ఎర్రకణాలకీ, కాపలా కాసే తెల్లకణాలకీ చిల్లులు పొడుస్తుంది. స్ట్రెప్టోకైనేజ్‌తో, దాన్ని అడ్డుకోవడానికి శరీరం కట్టిన రక్తపు గడ్డను కరిగించి దారి చేసుకుంటుంది. సూపర్ యాంటిజెన్లనే ఇంకో రకం విషాలు రోగనిరోధక కణాల్ని ఒక్కసారిగా రెచ్చగొడితే, సొంత సైన్యమే ఊరి మీద పడ్డట్టు అవుతుంది. రక్తనాళాలు ఊరిపోయి, బీపీ పడిపోయి, కిడ్నీలు ఆగిపోతాయి. అందుకే ఇప్పుడు తీవ్రమైన కేసుల్లో పెన్సిలిన్‌కి తోడు క్లిండమైసిన్ ఇస్తాం. మొదటిది జీవిని చంపుతుంది, రెండోది విషం తయారీని ఆపుతుంది.

ఇంత చేసినా పెద్దలు ఒప్పుకోలేదు. ఒప్పుకుంటే తమ చేతులే తల్లుల్ని చంపాయని ఒప్పుకోవాలి. చాలా శవాలు కోసిన తానూ అందులో భాగమేనని సెమ్మెల్‌వైస్ దాచుకోలేదు. 1849లో ఉద్యోగం పొడిగించలేదు. మరుసటి ఏడు మిత్రులకైనా చెప్పకుండా పెస్ట్ వెళ్ళిపోయాడు. అక్కడి సెయింట్ రోకుస్ ఆస్పత్రిలో ఆయన చూసిన 933 కాన్పుల్లో ఈ జ్వరంతో పోయినవాళ్ళు 8 మంది. పుస్తకం మాత్రం 1861 దాకా రాయలేదు. రాశాక, ఒప్పుకోని ప్రొఫెసర్లను హంతకులంటూ బహిరంగ లేఖలు వేశాడు. విషయం సరైనదే, తిట్ల వల్ల మాత్రం వినేవాళ్ళు ఇంకా తగ్గారు.

1865 నాటికి మనసు చెదిరింది. జూలై చివర్లో మిత్రుడు హెబ్రా కొత్త ఆస్పత్రి చూపిస్తానని వియన్నా పిచ్చాసుపత్రికి తీసుకెళ్ళాడు. పారిపోబోతే కాపలావాళ్ళు కొట్టారని చరిత్రకారులు చెబుతారు. కుడిచేతి గాయం కుళ్ళి, చీము రక్తంలోకి పాకి, ఆగస్టు 13న చనిపోయాడు. వయసు 47. కొలెట్ష్కాని చంపిన జబ్బే. శవపరీక్ష ఆయన పనిచేసిన జనరల్ ఆస్పత్రిలోనే జరిగింది. సరిగ్గా ముందురోజు, ఆగస్టు 12న, గ్లాస్గోలో లిస్టర్ అనే సర్జన్ కాలు విరిగిన పదకొండేళ్ళ పిల్లాడి గాయానికి కార్బాలిక్ ఆమ్లం కట్టు కట్టాడు. ఆ పిల్లాడు బతికి, నడుచుకుంటూ ఇంటికి వెళ్ళాడు.