కీ. శే. భండారు అచ్చమాంబగారు

మునగాల పరగణా పేరు చెప్పినతోడనే మనవారికి రాజా నాయని వెంకటరంగారావుగారును, వారి యొద్ద దివానుగా నుండి విజ్ఞానచంద్రికా మండలిని నడపిన కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారును జ్ఞప్తికి వత్తురు. ఆ లక్ష్మణరావుగారి చదువునకు తన యిల్లు నీడగా నిచ్చి, తానును వారి ప్రక్కన గూర్చుండి విద్య నేర్చిన యక్కగారిని దలచువారు తక్కువ. బిడ్డలను పోగొట్టుకొనిన తల్లి వారి జ్ఞాపకమును ఏ రీతిని నిలుపుకొనవచ్చునో తన బ్రతుకుచేత జూపిన యా సాధ్వి చరిత్రమును ఈ వార్షిక సభా సంచికయందు మన సోదరీసోదరుల ముందుంచుచున్నాము.

అచ్చమాంబగారు 1874వ సంవత్సరమున కృష్ణా మండలమందలి పెనుగంచిప్రోలున జన్మించిరి. తల్లి గంగమాంబగారు, తండ్రి కొమఱ్ఱాజు వెంకటప్పయ్యగారు. తండ్రిగారు మునగాల సంస్థానమున దివానుగా బనిచేసినవారు. చుట్టును నైజాము రాజ్యముండగా నడుమ కృష్ణా మండలమునకు జేరిన ద్వీపమువలె నుండిన యా పరగణా నేడు తెలంగాణమున సూర్యాపేట జిల్లాలోనిది. జమీందారుల కోట నడిగూడెమున గలదు. ఈమెకు ఆఱవయేట తండ్రి గతించిరి. సవతి యన్నగారగు శంకరరావుగారి సంరక్షణమున దేవరకొండలో గొంతకాలము పెరిగిరి. పదియవయేట భండారు మాధవరావుగారితో వివాహమాయెను. ఆయన మధ్యపరగణాలలో ఇంజనీరింగు శాఖయందు ఉద్యోగి యగుటచే ఈమె తెలుగుదేశమును విడిచి యా ప్రాంతమునకు బోవలసివచ్చెను. తల్లియు, తనకంటె మూడేండ్లు చిన్నవాడగు తమ్ముడు లక్ష్మణరావుగారును ఆమెతోడనే యుండిరి.

ఆనాటి యాచారము చొప్పున ఆమెను బడికి బంపినవారు లేరు. విద్య విషయమున మొదట భర్తగారి ప్రోత్సాహమును లేదు. తమ్ముడు ఇంట జదువుకొనుచుండగా ఆయనతోపాటు తెలుగును హిందీయు నేర్చిరి. పిమ్మట మరాఠీ, బంగాళీ, గుజరాతీ, ఇంగ్లీషు భాషలను అభ్యసించి, సంస్కృతమునందును గొంత పరిచయము సంపాదించిరి. బడిగడప త్రొక్కని యొక గృహిణి ఇంటిపనులు తీర్చుకొని ఇన్ని భాషలు నేర్చుట సామాన్యమైన పట్టుదలకు సాధ్యమగునది కాదు.

ఆమెకు ఒక కుమారుడును ఒక కుమార్తెయు గలిగిరి. ఇరువురును చిన్నతనముననే గతించిరి. బిడ్డలను పోగొట్టుకొనిన స్త్రీకి ఆకాలపు సంఘము చేసిన యోదార్పు ఎట్టిదో మన పెద్దలెఱుగనిది కాదు. పూర్వజన్మ పాపమని యొకరు, జాతకదోషమని మఱియొకరు ననెడివారు. పేరంటములయందు ఆమెను వెనుకకు నిలిపెడివారు. ఇట్టి మాటలను విని యొక మూల గూర్చుండి కృశించిన తల్లులెందఱో. అచ్చమాంబగారు అట్లు చేయలేదు. తల్లిదండ్రులు లేని బిడ్డలను తన యింటికి దెచ్చుకొని, కూడుగుడ్డలిచ్చుటతో నూరకుండక విద్యాబుద్ధులు చెప్పించిరి. బిడ్డలను బోగొట్టుకొనిన యింట పరుల బిడ్డల యాటపాటలు వినుట మొదట నెంత కష్టమో ఆ దుఃఖము పడినవారికే తెలియును. తన బిడ్డలు తినవలసిన యన్నమును, చదువవలసిన చదువును దిక్కులేని బిడ్డలకు జెందవలెనని ఆమె యెంచినట్లు మాకు దోచుచున్నది.

ఆ దినములలోనే ఆమె కలము పట్టిరి. స్త్రీలు సహజముగా నబలలనియు, బుద్ధిహీనలనియు, చదువుకొన్నచో చెడిపోవుదురనియు వాదించువారు నాడు పెక్కుమంది. ఆ వాదమునకు దూషణముతో గాక చరిత్రముతో సమాధానము చెప్పవలెనని పూని, అబలా సచ్చరిత్ర రత్నమాల యను గ్రంథమును మొదలిడిరి. ఇది కందుకూరి వీరేశలింగము పంతులుగారి చింతామణి పత్రిక ద్వారా వెలువడి, 1901 ప్రాంతమున మొదటి భాగము గ్రంథరూపమును బొందెను. చరిత్ర ప్రసిద్ధలగు భారత స్త్రీలకు మొదటి భాగమును, వేదపురాణములలోని స్త్రీలకు రెండవ భాగమును, ఇతర దేశముల స్త్రీలకు మూడవ భాగమును కేటాయించిరి. తాను నేర్చిన భాషలన్నియు నిందుకు సాధనములైనవి. ఇవిగాక ఆమె వ్రాసిన చిన్న కథలును గలవు. 1902లో హిందూసుందరిలో వెలువడిన ధనత్రయోదశి వానిలో నొకటి. గురజాడ అప్పారావుగారి దిద్దుబాటు 1910లో వచ్చెను గనుక, తెలుగు కథకు ఆరంభకులలో ఈమెను లెక్కింపవలెనని నేటి విమర్శకులు పలువురు చెప్పుచున్నారు.

1902లో మచిలీపట్టణమున ఓరుగంటి సుందరీరత్నమాంబగారితో గూడి బృందావన స్త్రీ సమాజమును స్థాపించిరి. తెలుగునాట స్త్రీలు తమకై తాము నెలకొల్పుకొనిన సమాజములలో నిది మొదటిదిగా బేర్కొనబడుచున్నది. పిమ్మట పలు పట్టణములు తిరిగి, స్త్రీలను గూర్చి మాటలాడి, ఇట్టి సమాజములు ఏర్పడుటకు దోడ్పడిరి. గడప దాటుటయే తప్పని యెంచు దినములలో ఈ సంచారము చేయుటకు ఎంత ధైర్యము గావలెనో చదువరులే యూహింతురు గాక.

1896లో బొంబాయిలో బ్రవేశించిన ప్లేగు కొలది సంవత్సరములలో మధ్యపరగణాలకును బ్రాకెను. దానికి గారణమగు సూక్ష్మజీవిని 1894లోనే కనుగొనిరి. 1897లో హాఫ్‌కిన్ పండితుడు టీకాను సిద్ధపఱచెను. కాని వ్యాధి సోకినవానిని గుదుర్చు నమ్మకమైన మందు 1940 తరువాత గాని లభింపలేదు. ప్లేగనిన జనులు ఇండ్లు విడిచి పొలములకు బాఱిపోవుటయు, రోగి దగ్గఱకు బంధువులే రాకుండుటయు నాడు సాధారణము. అట్టి సమయమున బిలాసపూరులో అచ్చమాంబగారు రోగులకు స్వయముగా బరిచర్య చేసిరి. ఆ సేవయందే వ్యాధి సోకి, 1905 జనవరి 18వ తేదీని కన్నుమూసిరి. అప్పటికి ఆమెకు ముప్పది యేండ్లు.

మఱుసటి యేట, అనగా 1906లో, లక్ష్మణరావుగారు విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించిరి. ఆ యేటనే జన్మించిన వారి కుమార్తెకు అచ్చమాంబ యనియే నామము. ఆ డాక్టరు కొమఱ్ఱాజు అచ్చమాంబగారు స్త్రీలకును శిశువులకును వైద్యము చేసి పేరుగాంచి, 1957లో విజయవాడనుండి లోకసభకు నెన్నికైరి. బిడ్డలను దక్కించుకొనలేని మేనత్త పేరు, ఎందఱో తల్లుల బిడ్డలను దక్కించిన వైద్యురాలియందు మరల వినవచ్చెను.

మన సంఘమునందును పదునాఱు, పదునేడేండ్ల ప్రాయమున జేతికంది వచ్చిన బిడ్డలను బోగొట్టుకొనిన తల్లిదండ్రులు కొందఱు గలరు. ఆ యేడుపును ఆపువారము మేము గాము. ఆపుటకు సాధ్యమును గాదు. అయిన నేటేట వచ్చు నా దినమున పటమునకు బూలదండ వేయుటతోబాటు, ఆ యీడుగల యొక బీదబిడ్డ పరీక్ష రుసుమో, వసతిగృహమున నొక యేటి భోజనమో, ఒక పుస్తకముల కట్టయో వారి పేర నిచ్చినచో, పోయిన బిడ్డ పేరు మఱియొక యింట దీపము వెలిగించును గదా. ధనవంతులే చేయవలసిన పని యిది కాదు. అచ్చమాంబగారు జమీందారిణి గారు. ఒక యుద్యోగి యిల్లాలు. ఇంటిలో నున్న చోటును, వంటలో నున్న యన్నమును, తనకు వచ్చిన చదువును బంచిపెట్టిరి.

దుఃఖములో నున్న యింటికి మనము వెళ్లి చేయదగిన పరామర్శ, కర్మఫలమని చెప్పుట గాక, ఆ బిడ్డ పేర జరుగు మంచిపనికి మన చేయి గూడ వేయుట. ఇది మన సంఘమున నాచారమైనచో అచ్చమాంబగారికి మనము చేయు స్మారకము అంతకంటె వేఱొకటి యక్కఱలేదు.