శ్రీ పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి

కాలజ్ఞానమనగానే తెలుగువారికి స్ఫురించు నామము శ్రీ పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామివారిది. వీరు 17వ శతాబ్దమువారని పలువురి అభిప్రాయము. కర్ణాటకములోని పాపఘ్ని మఠమున వీరభోజయాచార్య దంపతుల యింట పెరిగి, బాల్యముననే దేశాటనమునకు బయలుదేరిరని సంప్రదాయము. బనగానపల్లెలో గరిమిరెడ్డి అచ్చమ్మగారి గోవులను కాచుచు, రవ్వలకొండ గుహలో కాలజ్ఞానమును వ్రాసిరందురు.

పిమ్మట కడప మండలములోని కందిమల్లాయపల్లె చేరి, వడ్రంగము చేసికొనుచు గృహస్థులై జీవించిరి. దూదేకుల యింట పుట్టిన సిద్దయ్యను, సంఘము అంటరానివాడని దూరముంచిన కక్కయ్యను శిష్యులుగా స్వీకరించిరి. ఆ కాలమున నది సామాన్యమైన పనికాదు.

కలియుగమున ఘోరవిపత్తులు కలుగుననియు, వీరభోగవసంతరాయలు వచ్చి దుష్టులను శిక్షించి ధర్మమును నిలుపుననియు కాలజ్ఞానము తెలుపుచున్నది. దీని యర్థమును గూర్చి భిన్నాభిప్రాయములు కలవు. తుపాను వచ్చినను, యుద్ధము వచ్చినను స్వామివారి మాట నిజమైనదని కొందరు తలతురు. ప్రతులలో పాఠభేదములు పెక్కులున్నవనియు, తరువాతివారు చేర్చిన మాటలును కలవనియు మరికొందరందురు. భవిష్యత్తును చెప్పుట మిషగా జనులను సన్మార్గమునకు త్రిప్పుటయే దాని యుద్దేశమని వేరొకరి మతము.

స్వామివారు సజీవసమాధి నొందిన వైశాఖ శుద్ధ దశమినాడు ఆ గ్రామమున ఏటేట ఆరాధన జరుగుచున్నది.

బాలబాలికలారా! యుగాంతమును గూర్చి చెప్పిన ఆ మహనీయులు చేతిపనిని విడువలేదు, సంసారమును త్యజింపలేదు. రానున్న తీర్పునకు వెరచుటకంటె నేటి నడవడిని దిద్దుకొనుటయే మేలని వారి జీవితము మనకు తెలుపుచున్నది.