మూసీ తీరాన మహబూబ్ పాషా

రాజుల జీవితాలను మనం సాధారణంగా వారు గెలిచిన యుద్ధాలను బట్టి, కట్టించిన భవనాలను బట్టి తలచుకుంటాము. ఆసఫ్‌జాహీ వంశంలో ఆరవ నిజాము అయిన మీర్ మహబూబ్ అలీ ఖాన్ యుద్ధమేదీ గెలిచినవారు కారు. అయినా హైదరాబాదు వృద్ధులు ఆయన పేరును ఇంటిపెద్ద పేరువలె ఆప్యాయంగా తలచుకొనేవారు. అందుకు ముఖ్య కారణం 1908లో మూసీనది నగరాన్ని ముంచెత్తినప్పుడు ఆయన నడచుకున్న తీరు. ఆ వృత్తాంతంలో ఒక ప్రభువు కరుణ ఉన్నది. కరుణ ఒక్కటే చాలదన్న పాఠమూ ఉన్నది. ఆ రెండింటినీ విద్యార్థి మిత్రుల ముందుంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మహబూబ్ అలీ ఖాన్ 1866 ఆగస్టులో జన్మించారు. 1869లో తండ్రి అఫ్జలుద్దౌలా మరణించేనాటికి ఆయనకు మూడేళ్ళయినా నిండలేదు. పసిబాలుణ్ణి మస్నదుపై కూర్చుండబెట్టి, మొదటి సాలార్‌జంగ్, అమీరె కబీర్ షంసుల్ ఉమ్రా రాజప్రతినిధులుగా పాలన సాగించారు. బాలుడు ఉర్దూ, ఫారసీలతోపాటు ఆంగ్లమూ నేర్చుకున్నారు. తెలుగు కూడా చక్కగా మాట్లాడేవారని ప్రతీతి. పెద్దయిన తరువాత ఆసఫ్ అనే కలంపేరుతో ఉర్దూలో కవిత్వం చెప్పారు. ఢిల్లీనుండి వచ్చిన మహాకవి దాగ్‌ను తమ కవితాగురువుగా గౌరవించారు.

ఆయన బాల్యంలోనే, 1876 నుండి 1878 వరకు, దక్కను పీఠభూమిని ఘోరమైన క్షామం పీడించింది. 1883 ఫిబ్రవరిలో రాజ్యానికి మూలస్తంభమైన సాలార్‌జంగ్ కలరా సోకి హఠాత్తుగా కన్నుమూశారు. కలుషితమైన నీటికి దివాను అనీ, కూలివాడనీ భేదం లేదని పదహారేళ్ళ యువకునికి ఆ మరణం తెలియజెప్పింది. మరుసటి సంవత్సరం, 1884 ఫిబ్రవరి 5వ తేదీన, వైస్రాయి రిప్పన్ ప్రభువు సమక్షంలో ఆయన సంపూర్ణ రాజ్యాధికారాలు స్వీకరించారు.

ఆ పాలనాకాలంలో హైదరాబాదు వైద్యరంగంలో ప్రపంచ ప్రసిద్ధి పొందిందన్న విషయం మన విద్యార్థులలో చాలమందికి తెలియదు. శస్త్రచికిత్సలో క్లోరోఫారం వాడకం ఎంతవరకు క్షేమకరమో పరీక్షించడానికి డాక్టర్ ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యంలో 1888లోను, 1889లోను ఇక్కడ రెండు పరిశోధక సంఘాలు పనిచేశాయి. నిజాము ప్రభుత్వమే వాటికి ఆర్థిక సహాయం చేసింది. 1897 ఆగస్టులో సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్నారు. అయితే విజ్ఞానం ప్రయోగశాలలో వెలిగినంత మాత్రాన పేదవాని గుడిసెలో చీకటి తొలగిపోదు. 1899, 1900 సంవత్సరాలలో మరల క్షామం వచ్చి, ముఖ్యంగా రాజ్యపు వాయవ్య భాగంలోని మరాఠీ జిల్లాలను కబళించింది. ప్రభుత్వం కరువు పనులు ప్రారంభించి, అన్నసత్రాలు తెరిచింది. తిండిలేక చిక్కిశల్యమైన శరీరాలపై కలరా తేలికగా విజృంభించింది. ఆకలి, వ్యాధి ఎప్పుడూ జంటగానే నడుస్తాయి.

ఇక ఆ మహాప్రళయం సంగతి. 1908 సెప్టెంబరు చివరివారంలో నగరానికి ఎగువన కుంభవృష్టి కురిసింది. మూసీ, దాని ఉపనది ఈసీ పొంగి, సెప్టెంబరు 28వ తేదీ తెల్లవారుజాము చీకటిలోనే నీరు బస్తీలలోకి చొరబడింది. అఫ్జల్‌గంజ్, కోల్సావాడి మొదలైన లోతట్టు ప్రాంతాలలో ఇళ్ళు వరుసవరుసలుగా కుప్పకూలాయి. వంతెనలు తెగి నగరం రెండు ముక్కలయింది. నది ఒడ్డుననే ఉన్న అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి రోగులతో సహా వరద పాలయింది. ఆ ఆసుపత్రి తోటలోని ఒక చింతచెట్టు కొమ్మలను పట్టుకొని సుమారు నూటయాభై మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టు తరువాత శతాబ్దానికి పైగా నిలిచి ఉన్నది. 1901 జనాభా లెక్కల ప్రకారం నాలుగున్నర లక్షల జనం గల ఆ నగరంలో దాదాపు 15,000 మంది మరణించారనీ, 80,000 మంది నిరాశ్రయులయ్యారనీ అంచనా.

అప్పుడు మహబూబ్ అలీ ఖాన్ వయస్సు నలభైరెండు సంవత్సరాలు. ఆయన తమ ప్రాసాదాల ద్వారాలను బాధితులకు తెరిపించారు. పాయెగా ప్రభువులు, ఇతర ఉమరావులు ఆ మార్గాన్నే అనుసరించారు. మతభేదం పాటించకుండా అందరికీ అన్నవస్త్రాలు అందించడానికి వంటశాలలు ఏర్పాటయ్యాయి. దివాను మహారాజా కిషన్ పర్షాద్ సహాయక చర్యలలో పాలుపంచుకున్నారు. నగరపు ఆడపడుచు సరోజినీ నాయుడు బాధితుల సేవకు పూనుకున్నారు. నిజాము స్వయంగా మూసీ ఒడ్డుకు నడిచి వెళ్ళి, హిందువుల ఆచారం ప్రకారం నదీమతల్లికి హారతి పట్టి, శాంతించవలసిందిగా వేడుకొన్నారని ఒక కథ జనంలో తరతరాలుగా నిలిచి ఉన్నది. పాము కరిచినవారు ఆయన పేరు తలచుకుంటే విషం దిగుతుందన్న నమ్మకం వంటిదే ఇది కూడా కావచ్చు. కాని ప్రజలు ఏ రాజునుగూర్చి పడితే ఆ రాజునుగూర్చి ఇట్టి కథలు అల్లరు. తమ కష్టానికి కన్నీరు కార్చినవానిని గూర్చియే అల్లుతారు.

ఇంతటితో ఆపితే ఇది స్తోత్రపాఠమవుతుంది. ఆయన జీవితానికి రెండవ పార్శ్వం కూడా ఉన్నది. వేట, విలాసము, దుస్తుల మోజు ఆయనకు మెండు. పురానీ హవేలీలో 176 అడుగుల పొడవైన ఆయన వస్త్రాగారాన్ని నేటికీ సందర్శకులు ఆశ్చర్యంతో చూస్తారు. అటువంటి వైభవం గల రాజధానిలోనే పేదలు నది అంచున మట్టిగోడల మధ్య కాపురముండేవారు. ఆసుపత్రి సైతం వరద అందుకొనే చోటనే ఉండేది. మూసీకి వరదలు కొత్తవి కావు. ప్రమాదం వచ్చిన తరువాత తెరుచుకున్న ద్వారాలు ఎంత విశాలమైనవైనా, రాకముందు కట్టని గట్టుకు అవి బదులు కాజాలవు.

ఈ సత్యాన్ని ఆయన ప్రభుత్వం గుర్తించడమే ఆ విపత్తునుండి పుట్టిన మేలు. బొంబాయి ప్రభుత్వ సేవనుండి విరమించి విదేశాలలో పర్యటిస్తున్న మోక్షగుండం విశ్వేశ్వరయ్యకు నిజాము ప్రభుత్వం ఆహ్వానం పంపింది. 1909లో ఆయన హైదరాబాదు వచ్చి, వాన ఎంత కురిసింది, నీరు ఏ దారిన వచ్చింది, ఎందుకు నిలువలేదు అన్న ప్రశ్నలకు లెక్కలతో సమాధానం వెతికారు. మూసీ పరీవాహక ప్రాంతంలోని 788 చెరువులలో 221 చెరువుల కట్టలు తెగిపోయాయని తేల్చారు. అంటే నగరాన్ని ముంచినది ఆకాశం మాత్రమే కాదు. ఒకదాని వెనుక ఒకటి తెగిన చెరువుల నీరు కూడా. నగరానికి ఎగువన రెండు జలాశయాలు నిర్మించి వరదను ఆపాలనీ, నది ఒడ్డులను గట్టిపరచి ఉద్యానవనాలు పెంచాలనీ, మురుగునీటి పారుదలకు శాస్త్రీయమైన ఏర్పాటు చేయాలనీ ఆయన సూచించారు. వరదతోపాటు వ్యాధిని కూడా అరికట్టే ఆలోచన అది.

ఆ ఫలితాలను చూడడానికి మహబూబ్ అలీ ఖాన్ జీవించి ఉండలేదు. 1911 ఆగస్టు 29వ తేదీన, నలభైఐదేళ్ళ వయస్సులో, ఫలక్‌నుమా ప్రాసాదంలో మరణించారు. మక్కా మసీదు ఆవరణలో పూర్వీకుల సరసన ఆయనను ఖననం చేశారు. ఆ సంవత్సరమే నగరాన్ని ప్లేగు పట్టి పీడించింది. కుమారుడు మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో, 1912లో నగరాభివృద్ధి సంస్థ ఏర్పడి, ఇరుకు బస్తీలను బాగుచేసే పనికి పూనుకున్నది. మూసీపై గండిపేట వద్ద ఉస్మాన్ సాగర్ 1920లోను, ఈసీపై హిమాయత్ సాగర్ 1927లోను పూర్తి అయ్యాయి. వరదను ఆపడానికి కట్టిన ఆ ఆనకట్టలే నగరానికి శుభ్రమైన త్రాగునీటినీ ప్రసాదించాయి. వరదలో కొట్టుకొనిపోయిన ఆసుపత్రికి మారుగా ఉస్మానియా ఆసుపత్రి వెలసింది.

1908 నాటి మృత్యుతాండవం ఈ నగరంలో మరల జరుగలేదు. అయినా కథ ముగియలేదు. 2000 ఆగస్టులో నగరం జలమయమయింది. 2020 అక్టోబరులో కుండపోత వాన కురిసి, పాతబస్తీకి దక్షిణాన చెరువుల కట్టలు తెగి, ఎన్నో కుటుంబాలు కట్టుబట్టలతో మిగిలాయి. విశ్వేశ్వరయ్య లెక్కపెట్టిన చెరువుల పాఠాన్ని, నాలాలపైన, శిఖం భూములలోన ఇళ్ళు కట్టిన తరం మరచిపోయింది.

విపత్తు వచ్చిన రాత్రి తలుపు తెరవడం మొదటి ధర్మం. మహబూబ్ పాషా అది నెరవేర్చారు. అందుకే ఆయన పేరు నిలిచింది. తెల్లవారిన తరువాత కారణమేమిటని అడిగి, కొలిచి, కట్టడం రెండవ ధర్మం. దానికి సింహాసనం అక్కరలేదు, చదువు కావాలి. అన్నం పెట్టే చేయి, లెక్క కట్టే చేయి ఒకే మనిషికి ఉండాలని మూసీ తీరం మనకు బోధిస్తున్నది. రేపటి వైద్యులు, ఇంజనీర్లు, ఉపాధ్యాయులు కాబోతున్న మన విద్యార్థులు ఆ రెండు చేతులనూ ఇప్పటినుండే అలవరచుకుందురు గాక.